సుక్రు తియ్యని ఇంజనాయిలు

1927. అనంతగిరి కొండదారి బాగుచేస్తున్న రోజులు. ఘాట్ మొదట్లో రోడ్డు కాంట్రాక్టరు నాయుడుగారి క్యాంపు ఉండేది. ఆయన టూరింగ్ కారుకి డ్రైవరునీ నేనే, మెకానిక్కునీ నేనే. బండిచక్రానికి కందెన పూసేవాళ్లు ఆ చుట్టుపక్కల వందమంది ఉండేవారు గానీ, ఇంజను విప్పి మళ్లీ బిగించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట. రోజూ సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో ఇంజనంతా తుడిచేవాణ్ణి. దానిమీద అన్నం పెట్టుకుని తినొచ్చు, అంత శుభ్రం.

అలాంటి నా ఇంజన్లో ఆయిలు తగ్గిపోవడం మొదలైంది. పొద్దున్నే డిప్‌స్టిక్, అంటే ఆయిలు మట్టం చూసే కడ్డీ, ముంచి చూస్తే సగం కూడా తడిసేది కాదు. షెడ్డు నేలమీద చూస్తే చుక్క మరక లేదు. పొగగొట్టంలో నీలం పొగ లేదు, అంటే లోపల కాలిపోవడమూ లేదు. కారక, కాలక పోయిందంటే ఎవరో తోడుకుపోతున్నట్టే కదా! ఆ మాట నాయుడుగారితో అన్నది నేనే.

షెడ్డు కాపలా సుక్రుది. పైన గూడెంవాడు, నెమ్మదస్తుడు. వాడి పాకలో రోజూ దీపం వెలుగుతుందని నాయుడుగారికి వెంటనే గుర్తొచ్చింది.

"ఏట్రా, నా కారు నూనెతో దీపాలెట్టుకుంటన్నావా?"

"నాను తియ్యనేదు బాబూ. మాకు ఇప్పనూనుంది."

ఎవరు వింటారు? వాణ్ణి పైన ఠాణాలో అప్పగిస్తానని నాయుడుగారు పట్టుపట్టారు. ఆ రోజుల్లో కొండమనిషి ఠాణా లోపలికెళ్తే ఎప్పుడు బయటికొస్తాడో చెప్పగలిగేవాడు లేడు. పైగా కొండవాలున పోడు విత్తే అదను. సుక్రు లేకపోతే వాడింట్లో ఆ ఏడు తినడానికి చోళ్లు లేనట్టే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే స్టీరింగు పట్టుకున్నాను.

ముందు సీట్లో నాయుడుగారు, వెనక సుక్రు. వాడి ఒళ్లో అంబలి పోసిన ఆనపకాయ బుర్ర. బయల్దేరేముందు వాడు దాని ఆకుల బిరడా కాస్త వదులు చేశాడు. నాకు ఒళ్లు మండింది.

"బిగించరా! సీటు మీద ఒలికితే కడగలేక చావాలి."

"బిగిత్తే మరో పక్కనించి కారుతాది మేస్త్రీబాబూ. పులిసిన అంబలికి ఊపిరాడాల."

"నాకు చెబుతావా!" అని నేనే బిరడా మీద గుడ్డ చుట్టి గట్టిగా దిగ్గొట్టాను.

ఎనిమిది మలుపులెక్కేసరికి రేడియేటరు మరిగిపోయింది. నీళ్లు పోద్దామని ఊటగెడ్డ దగ్గర ఆపాను. వెనక్కి చూస్తే సీటంతా అంబలి. బిరడా కదల్లేదు. బుర్ర ఎప్పుడో పగిలితే తేనెమైనం అద్దినచోటు నుంచి నురగలు కక్కుతోంది. తిడదామని నోరు తెరిచాను గానీ, వాడన్న ఊపిరి మాట గుర్తొచ్చి ఇంజను వైపు తిరిగాను.

ఇంజనుకీ ఊపిరి కావాలి. లోపల పుట్టే ఆవిరి పోవడానికి బ్రీదర్ అని ఒక గొట్టం ఉంటుంది. దాని మూతలో సన్నటి తీగజాలి ఉంటుంది. గుడ్డ చుట్టి ఆ మూత తిప్పానో లేదో, బుస్సుమంది. జాలి నిండా గోధుమరంగు జిగురు, దానికి పట్టిన రోడ్డు దుమ్ము. గోటితో గీకితే రాలేదు. వాసన చూశాను. వలిసె నూనె!

రెండు నెలల కిందట పట్నం నుంచి ఆయిలు డబ్బాలు రాకపోతే, సంతలో వంటకి అమ్మే వలిసె నూనె కొని పోసింది నేనే. నూనె నూనేగా అనుకున్నాను. వేడికి అది మూకుడు అంచున జిగురు కడుతుందని ఏ ఇల్లాలినడిగినా చెప్పేది. నేనడగలేదు.

రోడ్డుమీదే వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాను. ఇంజను వెనక బేరింగు దగ్గర తడి, పక్కమూత సందు మూసే ప్యాకింగు దగ్గర తడి. ఎక్కుడులో ఇంజను రొప్పినప్పుడు మాత్రమే ఆవిరి ఆయిలును బయటికి తోస్తోంది. సాయంత్రం నేనే తుడిచేస్తున్నాను. ఇంక షెడ్డులో మరకెక్కడిది?

"ఏటోయ్ మేస్త్రీ, రోడ్డుమీద ఈ పడకేటి?"

"ఒక్క నిమిషం ఆగండి బాబూ."

తడంతా తుడిచి, మూత తీసేసి రెండు మలుపులు ఎక్కించి చూశాను. పొడి. మూత పెట్టి ఇంకో రెండు ఎక్కించాను. తడి. ఇంక అనుమానం లేదు. పుల్లలు పోగేసి మంటపెట్టి, జాలిని ఎర్రగా కాల్చి, రాతిమీద తట్టాను. జిగురంతా బూడిదై రాలింది.

"దొంగ సుక్రు కాదండి, నేనే," అన్నాను.

అంతా విని నాయుడుగారు గొంతు తగ్గించారు. "నోర్మూసుకో. నీదే తప్పంటే రేపు కూలీలు నీ మాటింటారేటి? బేగి బండి తిప్పు. ఆడికేదో సర్దిసెప్పి వొగ్గీ."

నేను ఊరుకోలేదు. క్యాంపుకొచ్చి కూలీలందర్నీ పిలిచి, వాళ్లముందే జరిగింది చెప్పాను. కొందరు నవ్వారు. నవ్వనీ! పాత ఆయిలంతా దించేసి, లోపల కడిగి, కొత్తది పోసి, పక్కమూతకి కొత్త ప్యాకింగు వేశాను. మళ్లీ ఒక్క చుక్క కారితే ఒట్టు.

సుక్రు మాత్రం మూట కట్టుకున్నాడు. ఉండమని బతిమాలాను.

"ఉండను బాబూ. నీ బండి కారితే కిందపడుకుని మరీ సూసేవు. నన్ను దొంగనేటప్పుడు ఒక్కపాలి నా మొకం సూడనేదు."

వాడు కొండదారి పట్టి వెళ్లిపోయాడు, పోడు అదను తప్పలేదు, అదొక్కటే నాకు ఊరట.

ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకి మొదట చెప్పేది ఇదే. ఆయిలు కారితే ప్యాకింగులు విప్పకముందు బ్రీదర్ చూడండి. మనిషిని అనుమానిస్తే, ఆ మాట బయటికి అనకముందు మీరేం చేశారో చూసుకోండి. ఇంజను విషయంలో మళ్లీ ఎవరిముందూ తలదించుకోలేదు నేను. సుక్రు గూడెం మీదుగా వెళ్లాల్సొచ్చినప్పుడు మాత్రం హారను మోగించకుండా, మెల్లగా దాటిపోయేవాణ్ణి.