కురుమూర్తి ఒప్పుకున్న ఖూనీ

గద్వాల నేతగాళ్ల వీధిలో ఆ రోజుల్లో నలుగురు కురుమూర్తులు ఉండేవారు. పొడుగు కురుమూర్తి, మేకల కురుమూర్తి, రెండు పెళ్లిళ్ల కురుమూర్తి, ఖూనీ కురుమూర్తి. ఈ చివరాయన చీమను తొక్కానేమోనని రెండడుగులు వెనక్కి వచ్చి చూసుకునే మనిషి. మగ్గం మీద బల్లి పడితే, అది తనంతట తాను దిగిపోయేదాకా పని ఆపి కూర్చునేవాడు. అలాంటివాడికి ఆ పేరెలా వచ్చిందో చెప్పాలంటే, యుద్ధం రోజుల్లో ఊరికొచ్చిన ఒక నాటకం గురించి చెప్పాలి.

ఆ నాటక సమాజం రాయచూరు వైపు నుంచి దిగింది. పాటలు, పద్యాలు, ఒక ఖూనీ, కడుపుబ్బ నవ్వులు అని ఊరంతా దండోరా వేయించారు. చంపిందెవరో ఆఖరి రంగం దాకా దేవుడికి కూడా తెలియదట. అంతా బాగానే ఉంది గానీ, కృష్ణ దాటేటప్పుడు ఎక్కిన పుట్టి ఒరిగి వాళ్ల బట్టల పెట్టె ఏట్లో పడింది. అట్ట కిరీటాలు తేలాయి, చీరలు మునిగాయి. ఖూనీ కావలసిన జమీందారిణికి కట్టబెట్టడానికి చీర లేకుండా పోయింది.

సమాజం యజమాని నాగప్ప నేరుగా మన కురుమూర్తి ఇంటికొచ్చాడు. అప్పుడే మగ్గం మీంచి దిగిన చీర ఒకటి అక్కడుంది. వనపర్తిలో ఒక పెళ్లికూతురి కోసం నేసింది, గురువారానికల్లా చేరాలి. నూలు దొరకని కాలం. ఆ ఒక్క చీరకు సరిపడా నూలూ పట్టూ కూడబెట్టడానికే నాలుగు నెలలు పట్టింది. దానికేమన్నా అయితే ఇంకొకటి నేయడానికి ఇంట్లో మూరెడు దారం లేదు.

"స్వల్ప ఆలోచన చెయ్యి అన్న," అన్నాడు నాగప్ప. "నీ చేతిపని ఊరంత చూస్తది. ఒక్క పూట కట్టి, మడత పెట్టి ఇస్త. నీకు ముందు వరుసల కుర్చీ."

కురుమూర్తి భార్య ఈదమ్మ అడ్డం పడింది. "ఇయ్యకు. పెండ్లిపిల్ల కట్టాల్సిన చీర సచ్చేటామెకు కడ్తరా?"

"నాటకంల సస్తది గాని నిజంగ సస్తదా?" అన్నాడు కురుమూర్తి. తన పని ఊరంతా చూస్తుందన్న మాట అప్పటికే ఆయన తలకెక్కింది. చీర ఇచ్చేశాడు.

దీపాలకు గాసునూనె చుక్క దొరకడం లేదు కాబట్టి నాటకం మిట్టమధ్యాహ్నం పెట్టారు. రేకుల కొట్టంలో మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. ముందు వరుసలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కురుమూర్తి. జమీందారిణి వేషం వేసినాయనకు బుగ్గల మీద గీసిన గడ్డం తాలూకు నీలం గరుకు కనపడుతూనే ఉంది గానీ కురుమూర్తి ఆ మొహం వంక చూస్తేగా. పైటకొంగు మీదే ఆయన కళ్లు.

అర్ధరాత్రి జరిగే ఖూనీ రంగం వచ్చింది. నాగప్ప ముందుకొచ్చి, "ఇప్పుడు కటిక చీకటి. మీకెవ్వరికి ఏం కనపడదు," అని జనానికి చెప్పి పోయాడు. రేకుల సందుల్లోంచి ఎండ ఫెళఫెళ కాస్తోంది. వంటవాడి వేషంలో మద్దిలేటి అనే నటుడు చీకట్లో తడుముకుంటున్నట్టు చేతులు చాపుకుంటూ వచ్చి, జమీందారిణిని ఆమె కొంగుతోనే గొంతు బిగించి చంపాడు. పోతూ పోతూ జనానికి దండం కూడా పెట్టాడు. జమీందారిణి పడిపోయి, ఒక పాట పాడి చనిపోయింది. జనం "వన్స్ మోర్" అన్నారు. లేచి మళ్లీ పాడి మళ్లీ చనిపోయింది.

ఆ తర్వాత నాగప్ప డిటెక్టివు వేషంలో, కోటు తొడుక్కుని, తాడు కట్టిన కుక్కతో వచ్చాడు. చంపిందెవరు, చంపిందెవరు అంటూ పద్యం ఎత్తుకున్నాడు.

"వంటోడు," అన్నారు జనం ఒక్క గొంతుతో.

నాగప్పకు ఒళ్లు మండింది. "చీకట్ల మీకు ఎట్ల కనపడ్డది? ఇంక ఏడు పాటలున్నయ్, నోరు మూసుకొని కూసోండ్రి." కసిరి, మళ్లీ డిటెక్టివు గొంతు పెట్టాడు. "హంతకుడా, మూడు లెక్కపెడతాను. ఒప్పుకుంటే సరి. లేకుంటే ఈ కొంగు చింపి నా కుక్కకు వాసన చూపిస్తాను."

ఇంతకు ముందు ఆడిన ఊళ్లలో ఆ చింపుడుకు ఒక గుడ్డపేలిక ఉండేది. అదీ పెట్టెతో పాటు ఏట్లో పోయింది. ఆవేశంలో నాగప్పకు ఆ సంగతి గుర్తులేదు. కొంగును రెండు చేతులా గుంజి పట్టుకున్నాడు. సరిగ్గా కొంగు చీరకు అతికే చోట.

"ఒకటి," అన్నాడు.

కురుమూర్తి చీర ఇమ్మని అరిస్తే నాటకం చెడగొట్టినవాడవుతాడు. ఊరుకుంటే గురువారం వనపర్తికి ఏ మొహం పెట్టుకుని పోవాలి?

"రెండు."

చీర పర్రుమన్నట్టు వినపడింది. కురుమూర్తి లేచి నిలబడ్డాడు.

"ఆగు సామీ. నేనే సంపిన. ఆ కొంగు ఇడ్సిపెట్టు."

అందరికంటే ముందు తేరుకున్నవాడు మద్దిలేటి. తెర పక్కనుంచి దూసుకొచ్చాడు.

"ఏంది నువ్వు సంపేది? ఈ ఖూనీ నాది. పన్నెండేండ్ల సంది నేనే చేస్తున్న. ఆఖరికి పట్టుబడ్డప్పుడు పాడే పాట ఉన్నది నాకు. అది నువ్వు పాడ్తవా?"

చచ్చిన జమీందారిణి లేచి కూర్చుంది. "నన్ను సంపింది మద్దిలేటే. చక్కిలిగిలి గూడ పెట్టిండు."

జనం రెండు జట్లయ్యారు. కళ్లతో చూశాం, వంటవాడే అని కొందరు. ఒప్పుకున్నవాణ్ని వదిలి ఒప్పుకోనివాణ్ని పట్టుకోవడం ఏం న్యాయమని కొందరు. కుక్క మాత్రం ఎవరి పక్షమూ పట్టకుండా పడుకుంది. హార్మోనియం ఆయన ఎందుకైనా మంచిదని శ్రుతి వదల్లేదు.

నాగప్ప చేయి ఇంకా కొంగు మీదే ఉంది. "ఎట్ల సంపినవో, ఎందుకు సంపినవో చెప్పు. నమ్మేటట్టు చెప్తే ఖూనీ నీకే ఇస్త," అన్నాడు కురుమూర్తితో.

పాపం, కురుమూర్తికి అబద్ధం చేతకాదు. వచ్చిన ఒక్కటీ అప్పుడే చెప్పేశాడు. ఇక ఉన్న మాటే చెప్పాడు.

"నాకు సంపుడు తెల్వదు సామీ. నువ్వు చెయ్యి పెట్టిన కాడ జర సూడు. చీర నూలు, కొంగు పట్టు. రెండు అతికినట్టు కనపడ్తదా? మూడు వేల పోగులున్నయ్. ఒక్కొక్క నూలు పోగుకు ఒక్కొక్క పట్టు పోగు, బూడిద అంటిచ్చుకొని, వేళ్లతోని పురిపెట్టి అతుకుతది మా ఇంటామె. మూడు దినాలు వంచిన మెడ ఎత్తదు. నేను నేసేది ఎవడన్న నేస్తడు. ఆ అతుకు ఈ గద్వాలల ఇంకెవ్వరితోని కాదు. ముప్పై ఏండ్ల సంది నాకు పేరొచ్చింది ఆ అతుకుతోనే. నన్ను జైలుకు పంపుకో గాని అది చింపకు."

ఆడవాళ్ల వైపు చాపల మీద తలలన్నీ ఈదమ్మ వైపు తిరిగాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది.

నాగప్ప మెల్లగా చేతులు తీశాడు. ఖూనీ మద్దిలేటికే దక్కుతుందని తీర్పు చెప్పాడు. మద్దిలేటి సంతోషం పట్టలేక, పట్టుబడ్డ పాట అప్పుడే మూడుసార్లు పాడాడు. మిగతా ఆరు పాటలు ఏ సందర్భం లేకుండానే పాడేశారు. మంగళం పాడాక నాగప్ప చీరను మడత పెట్టి, తానే తెచ్చి ఈదమ్మ చేతుల్లో పెట్టి, దండం పెట్టాడు.

ఇంటికొచ్చి ఈదమ్మ చీర పరిచి, అతుకు పొడుగునా బొటనవేలు నడిపింది. పదకొండు పోగులు తెగాయి. వాకిట్లో వెలుగు ఉండగానే కూర్చుని వాటిని మళ్లీ అతకడం మొదలుపెట్టింది. కురుమూర్తి ఎదురుగా కూర్చున్నాడు. ముప్పై ఏళ్లలో ఆమె అతికేటప్పుడు ఆయన ఎదురుగా కూర్చున్నది లేదు. పని అయిందంటే "ఆఁ" అని చీర అందుకోవడమే.

నాలుగు పోగులు అతికాక ఈదమ్మ తల ఎత్తకుండానే అంది. "ఈ ఒక్క మాట నాతోని అనేతందుకు ఒకర్ని సంపాల్సొచ్చిందా నీకు?"

కురుమూర్తి బూడిద గిన్నె ఆమె చేతికి అందేట్టు దగ్గరికి జరిపాడు.