రంజన్ మీదికెల్లి దిగినామె

మా ఇంట్ల ఏమైందో చెప్త గని, ముందుగాల ఒట్టెయ్యుర్రి, నవ్వద్దు. మొన్నటి సంది "ఏంది విమలా, టైపు మిషన్ల స్టెన్సిల్ మీద గిన్ని తప్పులు కొడుతున్నవ్, ఒంట్లె బాగలేదా?" అని ఆఫీసుల మీరందరు అడుగుతున్నరు గద. ఒంట్లె బాగనే ఉన్నది. ఇంట్లనే బాగలేకుండె. మా ఇంట్ల ఒక ఆడామె నడిచింది! అవ్, నడిచింది! నా రెండు కండ్లతోని చూసిన. మీదికెల్లి కిందికి దిగింది, దిగి మాయమైంది, మాయమై మా మామ మీద ఎక్కింది. ఛాయ్ చల్లారుతది, తాగుకుంట వినుర్రి.

పెండ్లైన కాడి సంది మేము ధూల్‌పేట్‌ల మా బావగారింట్లనే ఉన్నం, మీకు తెలుసు గద. రెండే అర్రలు, అత్తమామలతోని కలిపి ఇంటెడు మంది. మా ఆయనతోని ఒక్క మాట మాట్లాడాల్నంటె గల్లీలకు పోయి, ఆరబెట్టిన వినాయకుని బొమ్మల నడుమ నిలబడి మాట్లాడాలె. సగం చేసిన ఆ వినాయకులే మా కష్టసుఖాలు విన్నరు. ఆఖరికి మా ఆయన రైల్వేల వాళ్ళనూ వీళ్ళనూ అడిగి అడిగి, యాకుత్‌పురా స్టేషన్ వెనుక గల్లీల ఒక ఇల్లు పట్టుకొచ్చిండు. పాతకాలపు ఇల్లు. గోడలు మందం, కిటికీ ఒక్కటే, పట్టపగలు గూడ లోపట మసక మసక. బొగ్గింజను పోయినప్పుడల్లా ఇంట్ల గిన్నెలు గిణగిణమంటయ్. అయినా నాకది మహల్. మేమిద్దరమే! తలుపేసుకుంటె మాది మాకే!

ఒక్కటే తిరకాసు. మా అత్తమ్మ వచ్చి, కొన్నాళ్ళుండి, "ఊ" అనాలె. ఆమె "ఊహూ" అన్నదంటె సామానంత మళ్ళ ధూల్‌పేట్‌కే. మా ఆయన ఆఫీసుల పులి గని, తల్లి ముంగట పిల్లి. ఇగ మా అత్తమ్మకు ఒకటే పట్టింపు, ఇంట్ల దయ్యం గియ్యం ఉండొద్దు. కొత్త ఇంటి ముచ్చట చెప్పంగనే ఏమడిగిందనుకున్నరు? అద్దె కాదు, నీళ్ళు కాదు. "ఇదివరకు ఉన్నోళ్ళు ఎందుకు పోయిన్రు బిడ్డా?" అని అడిగింది. నాకేం తెలుసు! బదిలీ అయి పోయిన్రని ఒక అబద్ధం ఆడేసిన.

ఆమె వచ్చేలోపట ఇల్లు కళకళలాడాలె అనుకున్న. మసక ఉంటెనే గద బుగులు పుట్టేది! చార్మినార్ తాన ఒక రంగుల దుకాణంల ట్రాన్స్‌ఫర్ బొమ్మలు దొరుకుతయ్ చూడుర్రి, ట్రంకుపెట్టెల మీద, కుట్టుమిషన్ల మీద అతికిస్తరు, గవ్వి. గులాబీలు, చిలుకలు, తీగలు, ఏది చూసినా ముద్దొస్తది. సంచెడు కొన్న. దుకాణపాయన మంచోడు. "పానీ మే భిగావ్, ధీరే సే సర్కావ్, సూఖే బాద్ వార్నిష్ మారో. వార్నిష్ భూల్నా నక్కో బేటీ" అన్నడు. నీళ్ళల్ల నానబెట్టు, కాగితం మీదికెల్లి బొమ్మను మెల్లగ జరుపు, ఆరినంక వార్నిష్ కొట్టు, అది మాత్రం మర్వకు బిడ్డా అని. గంతే! ఇంత చిన్న పని నాకు రాదా? బి.ఏ. పాసైన మనిషిని!

ఆదివారం పొద్దుగాల కొంగు నడుముకు చెక్కి షురూ చేసిన. పీటకు ఆకుపచ్చ ఎనామిల్ పెయింట్ కొట్టి, దాని మీద చిలుకలు. ట్రంకు మీద గులాబీలు. అద్దం చుట్టూ తీగ. ఛాయ్ పళ్ళెం మీద రెండు హంసలు. మా ఆయన డ్యూటీకెల్లి వచ్చి గుమ్మంలనే ఆగిండు. "ఇది ఇల్లా, ట్రంకుల దుకాణమా?" అన్నడు. "నువ్వు ఊకో" అన్న.

ఆఖరికి ఒక్క బొమ్మ మిగిలింది, అరచేయంతది. నెత్తిన కొంగు కప్పుకున్న ఒక ఆడామె. చేతుల గులాబీ, పెద్ద పెద్ద కండ్లు, ఓరచూపు. ఆమెను రంజన్‌కు పెట్టిన. మంచినీళ్ళ మట్టి రంజన్, అర్ర మూలకు ఇసుకల కూసోబెట్టినం. ఇక్కడ నా తెలివి చూడుర్రి! రంజన్‌కు మొత్తం పెయింట్ కొడితె మట్టి ఊరదు, నీళ్ళు చల్లబడవు. అందుకని ముంగట పలకంత నీలంరంగేసి, దాని మీద ఆమెను అతికించిన. మరి వార్నిష్? వార్నిష్ కొడితె తాగే నీళ్ళు వాసనొస్తయ్. అన్నిటికీ కొట్టి, రంజన్‌కు మాత్రం కొట్టలే. అబ్బ, ఎంత ముందుచూపు అని నన్ను నేనే మెచ్చుకున్న.

సోమవారం అత్తమ్మ, మామ దిగిన్రు. వాళ్ళ కోసమే గద నేను మూడు రోజులు సెలవు పెట్టింది. మామ పాపం సాదాసీదా మనిషి. ఉడుకపోతకు ఓర్వలేడు. రాంగనే అంగి ఇడిసి, రంజన్ పక్కన చాప పరుచుకోని, విసనకర్రతోని సెటిలైపోయిండు. అత్తమ్మ మాత్రం ఒక్కొక్క మూల చూసింది. చిలుకలు చూసి నవ్వింది, హంసలు చూసి నవ్వింది. రంజన్ కాడికి రాంగనే నవ్వు ఆగింది.

"ఈమెవరు?"

"బొమ్మ అత్తమ్మా."

"బొమ్మనే. గని ఆ చూపేంది గట్లున్నది?"

నేను నవ్వి, ఛాయ్ పెట్టనీకె పోయిన. మర్నాడు పగటీలి. ఎండకాలం మా గల్లీల పగటిపూట ఎట్లుంటదనుకున్నరు? మనిషి అలికిడి ఉండదు, కుక్క గూడ మొరగదు. గోడలు గూడ ఏదో వింటున్నట్టే ఉంటయ్. నేను వంటింట్ల గిన్నెలు సర్దుతున్న. అత్తమ్మ మెల్లగ పిలిచింది. గట్టిగ పిలిస్తె ఫికర్ లేకుండె. మెల్లగ పిలిచింది.

"విమలా... ఈమె నిన్న ఇంత కిందికి లేకుండె గద?"

"మీ కండ్లకు అద్దాలు మార్చాలె అత్తమ్మా" అనుకుంట వచ్చి చూసిన. నీలం పలక నడుమ ఉండాల్సిన ఆడామె, పలక అంచుకు వచ్చి ఉన్నది! గడప దాటనీకె నిలబడ్డట్టు. నా నోటికెల్లి మాత్రం ఏమొచ్చింది? "మొదటి సంది ఆడనే ఉన్నది" అని వచ్చింది. ఇల్లు పోతది గద మరి!

అత్తమ్మ అటు పోంగనే కాటుక తెచ్చి, ఆమె కండ్లకు సరిగ్గ పక్కన, రంజన్ మీద ఒక చుక్క పెట్టిన. చూద్దాం నీ సంగతి అనుకున్న. ఇంతల బొగ్గింజను పోయింది. గిన్నెలు గిణగిణమన్నయ్. బట్టలు మడతపెట్టి వచ్చి చూసిన. చుక్క పెట్టిన కాడనే ఉన్నది. ఆమె కిందికి పోయింది. నెత్తి మీది కొంగు గూడ చుక్కకు కిందనే ఉన్నది. ఇగ నీలం పలక సగం ఖాళీ. మనిషి లేచిపోయిన కిటికీ లెక్క!

అంతేనా? ఆమె నవ్వుతున్నది. పొద్దుగాల నవ్వలే, నేను ఒట్టేసి చెప్త. ఇప్పుడు పెదవి ఒక దిక్కు మీదికి పోయింది, ఒక కన్ను చిన్నగైంది. కన్ను కొట్టుకుంట నవ్వుతున్నది! గోటితోని పీకి పారేద్దామని చెయ్యి చాపిన. చెయ్యి పోలే అక్కా. మధ్యలనే ఆగింది. మస్తు బుగులైంది. ఈ ఇంట్ల ఇదివరకు ఉన్నోళ్ళు నిజంగనే ఎందుకు పోయిన్రు? అత్తమ్మ అడిగిన మాట అప్పుడు నా నెత్తిల తిరుగుడు షురూ అయింది.

మా ఆయనకు చెప్దామంటె, పోయి తల్లికి చెప్తడు. అందుకని ఇంకో తెలివి చేసిన. ఒక పాత తువ్వాల తడిపి రంజన్ చుట్టూ కప్పేసిన. "నీళ్ళు ఇంకా చల్లగైతయ్ అత్తమ్మా" అన్న. అబద్ధం గూడ కాదు, అందరం కప్పుతం గద! ఇగ ఆమె కనబడదు, లొల్లి ఖతం. గని కప్పినంక ఇంకా పరేషాన్ అయింది. కనబడినప్పుడు ఎక్కడున్నదో తెలుస్తుండె. ఇప్పుడు ఆ తడి బట్ట వెనుక ఏం చేస్తున్నదో! నీళ్ళు ముంచుకోను పోతె, మొకం అటు తిప్పుకోని ముంచుకుంటుంటి.

బుధవారం మధ్యాహ్నం ఇగ ఓర్వలేకపోయిన. ఏదైతె అదైతదని, అత్తమ్మ కునుకు తీస్తున్న, మామ ముంగటి అర్రల ఉన్న సమయం చూసి, బట్ట మెల్లగ ఎత్తి చూసిన.

ఆమె లేదు.

రంజన్ చుట్టూ చూసిన. ఇసుకల చూసిన. బట్ట తిప్పి దులిపి చూసిన. ఎక్కడ లేదు! నీలం పలక ఒక్కటే మిగిలింది. ఇంట్ల ఎక్కడో ఒకకాడ ఉన్నది గద మరి? చప్పుడు కాకుంట వంటింట్లకు పోయి, గోడకు ఆనుకోని నిలబడ్డ. దేవుని పేరు ఒక్కటి గూడ యాదికొస్తలేదు.

అత్తమ్మ లేచి, నా పక్కకెల్లే మజ్జిగ గలాస్ తీసుకోని మామకు ఇయ్యనీకె ముంగటి అర్రలకు పోయింది. గలాస్ కిందపడ్డ చప్పుడు. ఆ వెనుకనే ఒక ఒర్లుడు! జిందగీల అట్ల ఎవ్వరు ఒర్లంగ నేను వినలే. ఉరికిపోయి చూసిన.

మామ మాకు వీపు పెట్టి, గుమ్మం దిక్కు చూసుకుంట విసురుకుంటున్నడు. ఆయన వీపు మీద, రెండు రెక్కల నడుమ, ఆమె ఉన్నది. నెత్తిన కొంగు, చేతుల గులాబీ. మా దిక్కే చూస్తున్నది. మామ విసురుకున్నప్పుడల్లా ఆమె గూడ కదులుతున్నది, ఊపిరి తీసుకున్నట్టు!

"ఏమైంది?" అని మామ ఇటు తిరిగిండు. తిరగంగనే ఆమె మాయం.

"నీ వెనుక! నీ వెనుకున్నదయ్యా!" అని అత్తమ్మ.

మామ గిర్రున వెనుకకు తిరిగిండు. మళ్ళ ఆమె మా ముంగట! "ఎవ్వరు లేరు గదే" అని మామ. "ఉన్నది, నిన్ను పట్టుకున్నది!" అని అత్తమ్మ. ఆయన అటు తిరుగుతడు, ఇటు తిరుగుతడు, ఆమె గూడ తిరుగుతది. తిరిగి తిరిగి మామకే కండ్లు తిరిగి గోడ పట్టుకున్నడు.

మరి నేనేం చేసిన? బి.ఏ. పాసైన మనిషిని, చదువుకున్నదాన్ని, అత్తమ్మకు ధైర్యం చెప్పాలె గద? చెప్పులు గూడ లేకుంట గల్లీలకు ఉరికి, "దయ్యం! దయ్యం!" అని ఒర్లిన. ఆపకుంట ఒర్లిన. అంతసేపు ఒక్క పురుగు లేని గల్లీ, ఒక్క నిమిషంల నిండిపోయింది.

పక్కింటి మరియమ్మక్క ముందుగాల వచ్చింది. ధైర్యవంతురాలు. మామ వీపు చూడంగనే శిలువ గుర్తు వేసుకోని, చెంబు అందుకోని, ప్రార్థన చేసుకుంట ఆయన వీపు మీద నీళ్ళు కుమ్మరించింది. అప్పుడు చూడాల్సింది మీరు! ఆమె దిగుడు షురూ చేసింది. అందరి ముంగట, మెల్లగ, నడుం దిక్కు జారుకుంట! "పోతున్నది! పోతున్నది!" అని జనం. "ఇంకో చెంబు పొయ్యమ్మా!" అని వెనుకకెల్లి ఎవరో. మామ చలికి వంకర్లు పోతున్నడు. అత్తమ్మ రెండు చేతులు జోడించి ఏడుస్తున్నది.

రెండో చెంబుకు ఆమె మూల ఒకటి లేచింది. ఉల్లిపొర లెక్క లేచి ముడుచుకున్నది. అది చూడంగనే నా చెవుల దుకాణపాయన గొంతు వినబడ్డది. పానీ మే భిగావ్. ధీరే సే సర్కావ్.

అయ్యో నా పాడుబుద్ధి! నీళ్ళతోని అతికే బొమ్మ నీళ్ళతోనే ఊడదా? రంజన్ రాత్రింబగళ్ళు చెమటలు పట్టుకుంట ఉంటది. వార్నిష్ లేదు. బొమ్మ నాని, జారి, ముడత పడింది. ఆ ముడతనే నాకు నవ్వు లెక్క కనబడ్డది. పైకెల్లి నేను తడి తువ్వాల కప్పిన, ఆమె పోయి దానికి అతుక్కున్నది. మామ ఉడుకపోతకు ఆ తువ్వాల తీసి వీపు మీద కప్పుకున్నడట, ఆమె ఆయన వీపుకు అంటుకున్నది. చల్లబడ్డంక మళ్ళ బుద్ధిమంతుని లెక్క రంజన్‌కే కప్పిండు!

పోయి గోటితోని ఆ బొమ్మను ఒలిచి అత్తమ్మ చేతుల పెట్టిన. నోరు తెరవనీకె మొకం చెల్లలే, అయినా అంత చెప్పిన. జనం నవ్వుకుంట పోయిన్రు. మరియమ్మక్క చెంబు కడుక్కోని పోయింది. అత్తమ్మ మాత్రం ఆ బొమ్మను అటు ఇటు తిప్పి చూసింది.

"వార్నిష్ కొట్టనిదెవరు?"

"నేనే అత్తమ్మా."

"తడిబట్ట కప్పింది?"

"నేనే."

"గల్లీనంత జమ చేసింది?"

"...నేనే."

ఇగ లేచి, కిందపడ్డ మజ్జిగ గలాస్ తీసి పక్కన పెట్టింది. నాకైతె సామాను మూటలు కండ్ల ముంగట కనబడ్డయ్. పొద్దుమీకినంక మా ఆయన వచ్చిండు. అత్తమ్మ ఆయన్ను చిలుకల పీట మీద కూసోబెట్టి చెప్పింది. "ఇల్లు మంచిగున్నది బిడ్డా. ఏ దయ్యం లేదు, ఏ పీడ లేదు. నాకు బిల్కుల్ నచ్చింది."

నా సంతోషం ఏం చెప్పాలె! వంటింట్ల నిలబడి ఏడ్చిన, నిజంగ ఏడ్చిన. కండ్లు తుడుచుకోని, పళ్ళెంల ఛాయ్ పెట్టుకోని వచ్చేసరికి అత్తమ్మ ఇంకా చెప్తనే ఉన్నది.

"దయ్యముంటె మీ ఇద్దర్ని తోలుకపోతుంటి. లేదు గద! గని ఈ పిల్ల చేతుల నిన్ను ఒక్కన్ని పెట్టి పోనీకె నాకు మనసొస్తలేదు కొడుకా. ఇయ్యాల మీ నాయిన వీపు, రేపు ఇంకేందో! నేను, మీ నాయిన ఈడనే ఉండిపోతం."

మామ అప్పటికే చాప మీద ఒరిగి "ఈ రంజన్ నీళ్ళు అమృతం" అంటున్నడు. మా ఆయన నా దిక్కు చూస్తలేడు, ఛాయ్‌లకు చూస్తున్నడు.

ఇప్పుడు చెప్పుర్రి, స్టెన్సిల్ల తప్పులు పడవా? అత్తమ్మ పెట్టిన పరీక్షల ఇల్లు ఫస్ట్ క్లాసుల పాసైందక్కా. ఫెయిలైంది నేను.