అక్క చేతిలో రెండు తీగలు

కాలింగ్ బెల్లులు బిగించడం, బాగుచేయడం ఆయన పని. మా వీధిలో అందరికీ ఆయన "బెల్లు". అసలు పేరుతో పిలిస్తే తిరిగి చూడడేమో. తల్లి పోయాక ఆయన్ని పెంచింది అక్క. ఆవిడది బట్టలుతికే దుకాణం. వెనక గదిలో తొట్లు, ఎప్పుడూ ఆరని నేల.

ఒక ముసురు సాయంత్రం తడి చేత్తో లైటు వేయబోతే ఆవిడకు షాకు కొట్టింది. చెయ్యి బాగైంది గానీ భయం పోలేదు. అప్పట్నుంచి చీకటి పడితే ఆ గదిలో పని బంద్. వానలు ముదిరాక మధ్యాహ్నానికే చీకటి.

"ఇంక దుకాణం ఎత్తేస్తానురా" అంది.

బెల్లుకు అన్నం సహించలేదు. పాత స్విచ్చి పీకేసి, పొడిగా ఉండే ముందు గదిలో చెయ్యందని ఎత్తున ఒక పెట్టె బిగించాడు. అందులో చిన్న ట్రాన్స్‌ఫార్మరు, ఒక రిలే. అక్క ముట్టుకునే చోటికి వచ్చేది పన్నెండు వోల్టులే, తడి చేతికీ షాకు కొట్టదు. అదెలా పనిచేస్తుందని నేనడిగితే ఇలా చెప్పాడు: "చిన్న కరెంటు పెద్ద కరెంటును ముట్టుకోదండీ. పెట్టెలో ఉన్న రిలేగాడికి ఒక కేక వేస్తుంది. లైటు వేసేది వాడు."

తొట్ల దగ్గర కొత్త బటన్ పెట్టి అక్కను పిలిచాడు.

"నొక్కక్కా."

"నువ్వే నొక్కు. నీ తోలు కరెంటుకు అలవాటు పడింది."

చేతులు తొట్లో ముంచి నొక్కి చూపించాడు. ఆవిడ కదల్లేదు.

"ఆ పాతదీ ఇలాగే తెల్లగా ముద్దొచ్చేది. లోపల ఏముందో ఎవడు చూడొచ్చాడు?"

బెల్లు బటన్ ఊడదీశాడు. రెండు తీగల కొసలనూ కొక్కేల్లా వంచి, ముందు తన తడి చేత్తో పట్టుకుని, తర్వాత అక్క ముందు పెట్టాడు. తేలును పట్టుకున్నట్టు ఒకటి పట్టుకుంది. ఏమీ కాలేదు. రెండోదీ పట్టుకుంది.

"చచ్చిందేంట్రా ఇది?"

"రెండూ కలుపు."

కలిపింది. గోడ అవతల టక్కుమంది, నెత్తిమీద లైటు వెలిగింది. విడదీసింది, ఆరింది. మళ్లీ కలిపింది, మళ్లీ విడదీసింది.

"రిలే అరిగిపోతుందక్కా."

"అరిగితే ఇంకోటి పెట్టు. నీకింకేం పని?"

బటన్ తిరిగి బిగించబోతే చేతిమీద ఒక్కటిచ్చింది.

"ఇలాగే ఉండనీ. ఉన్నదంతా కళ్లకు కనబడుతోంది."

"ఎవరైనా చూస్తే నా పని గురించి ఏమనుకుంటారు?"

"అక్క మాట వింటాడనుకుంటారు."

దుకాణం మూతపడలేదు. చీకటి పడగానే ఆవిడ సబ్బు చేతులతోనే ఒక కొక్కెం ఇంకోదానికి తగిలిస్తుంది. వేలాడే తీగలు చూసి ఎవరి పనని ఎవరైనా అడిగితే, "మా తమ్ముడిదే" అని గొప్పగా చెబుతుంది. తమ్ముడు మాత్రం అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఉంటాడు.