మా అత్త సముద్రం దాకా నడిచిన రోజు

బోగోలు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉన్న మా ఇంట్లో మేమిద్దరమే ఉంటాం: నేనూ, మా అత్తా. ఆమె కొడుకు, అంటే నా మొగుడు, పోయి ఆరేళ్లు. ఆమె కాళ్లలో పట్టు తప్పి రెండేళ్లు. ఎత్తడం, కడగడం, తినిపించడం అన్నీ నేనే. కట్టుకథలు చెప్పడంలో ఊళ్లో నాకు పేరుంది. వినడానికి మాత్రం ఇప్పుడు ఆమె ఒక్కతే.

సర్కారు ఆసుపత్రి నుంచి నర్సమ్మ వస్తుందని కబురొచ్చింది. ముసలివాళ్లకేం కావాలో, వాళ్లను చూసుకునేవాళ్లకేం కావాలో అడిగి ఫారం నింపుతుందట. అవసరముందని తేలితే వారానికి రెండు పూటలు మనిషిని పంపుతారు. ఆ రెండు పూటల కోసం రోజులు లెక్కపెట్టుకున్నదాన్ని, తీరా ఆమె వచ్చే పొద్దున ఇల్లంతా ఫినాయిలుతో తుడిచాను. అడుగున గిన్నె ఉండే అత్త కుర్చీని పెరట్లో తడిక వెనక దాచాను. ఆమెకు గంజి పెట్టిన చీర కట్టి, వీపుకు రెండు దిండ్లు ఆనించి కూర్చోబెట్టాను. నా పెళ్లిచూపులకు కూడా ఇంత హడావిడి జరగలేదు. ఇంటికొచ్చిన మనిషి ముందు మన ఇబ్బందులు బయటపెట్టకూడదు, మా ఇద్దరికీ తెలిసిన మర్యాద అది.

"అవ్వా, నడస్తా ఉండావా?" అని నర్సమ్మ అడిగింది.

"పొద్దున్నే సముద్రం దాకా పొయ్యొచ్చినా," అంది అత్త, కనురెప్ప ఆర్పకుండా.

నేనూరుకుంటానా. "వస్తా వస్తా రెండు బిందెల నీళ్లు గూడా తెచ్చింది. మొన్న గాలివానకి మా రేకు లేచిపోతే ఎగిరి పట్టుకునింది ఈమే."

నర్సమ్మ నవ్వుతూ రాసుకుంది. "మరి నీకేమన్నా ఇబ్బందా అక్కా?"

"నాకేం. రాణి మాదిరి ఉండా."

ఆమె ఫారం మడిచింది. సాగనంపడానికి రోడ్డు దాకా వెళ్లాను. దూరంగా ఆటో కనబడగానే నాకు దిగులు పట్టుకుంది.

"నర్సమ్మా, అంతా అబద్ధం. ఆమె లేచి నిలబడి రెండేళ్లయింది."

"నీ కతల గురించి దారిలోనే చెప్పినార్లే. ఇదీ అట్టాంటిదేనా?" అని, నా మొహం చూసి ఆగింది. "సరే, ఒకటి చెప్పు. నీకు జొరమొస్తే ఎవురు చూస్తారు?"

లేని చెల్లెలినైనా ఒకదాన్ని పుట్టించి ఉండొచ్చు. ఎవరూ లేరన్నాను. ఆటో ఆగి, హారన్ కొట్టి వెళ్లిపోయింది. నర్సమ్మ ఎక్కలేదు.

మళ్లీ ఇంట్లోకొచ్చాం. ఈసారి తడిక వెనక కుర్చీని నేనే తెచ్చి నడిమింట్లో పెట్టాను. అత్త మొహం గోడకేసి తిప్పుకుంది. నర్సమ్మ మడిచిన ఫారం మళ్లీ విప్పింది.

ఇప్పుడు మంగళవారం, శుక్రవారం పొద్దున ఒకామె వస్తోంది. ఆ పూట ఎక్కడికి పోవాలో నాకు తోచదు. ఒడ్డున వలలు ఆరేసిన చోట కూర్చుంటాను. అక్కడివాళ్లు వాళ్ల పనిలో ఉంటారు. ఇంకా గంట టైముండగానే ఇంటికొచ్చేస్తాను.

"ఏందిమే, అప్పుడే వచ్చినావు? ఏం చూసినావు ఆడ?" అంటుంది అత్త.

"నువ్వు ఆ పొద్దు నడిచిన అడుగులు. ఇసకలో ఇంకా అట్టనే ఉండాయి."