మా అత్త నోరు

నిన్న మనవరాలు తెలుగు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. మొయినాబాద్‌లో దాని బడిలో ‘శాపనార్థాలు’ అనే మాటకు అర్థం, సొంత వాక్యం రాసుకు రమ్మన్నారట. “గిదేంది నానమ్మా?” అంది. ఎదుటివాళ్లు నాశనమైపోవాలని నోటికొచ్చినట్టు తిట్టడం అని చెప్పాను. వాక్యం మాత్రం చెప్పలేదు. నాకు గుర్తొచ్చింది పిల్లలు రాసుకునే వాక్యం కాదు.

చేవెళ్లలో మా అత్త నోరంటే ఊరంతటికీ హడల్. ఎక్కడ గట్టు తగాదా వచ్చినా చుట్టాలు ఆటో మాట్లాడుకుని వచ్చి మరీ, అవతలివాళ్లను తిట్టడానికి ఆమెను తీసుకుపోయేవారు. ఆమె తీరిగ్గా చాయ్ తాగి, కొంగు బిగించి, అవతలి ఇంటి ఏడు తరాలనూ దులిపేది. గొంతు ఆరిపోతే సోడా తాగి మళ్లీ మొదలు. పని అయ్యాక వాళ్లు కోడిని కోసి పెట్టి సాగనంపేవారు. మా ఇంట్లో అదొక గొప్ప. కొత్త కోడలిగా నేనూ పుట్టింట్లో చెప్పుకుని మురిసినదాన్నే. ఛీ, తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

ఒకరోజు మా చేలో టమాట తెంపే ఆమె పొద్దెక్కాక వచ్చింది. బిడ్డకు జ్వరమని, దవాఖానలో చూపించి వస్తున్నానని చెప్పింది. మార్కెట్‌కు పోవాల్సిన ట్రాలీ ఖాళీగా నిలబడి ఉంది. అత్తకు చిర్రెత్తుకొచ్చింది. “నీ బిడ్డ పీనుగెల్ల! గప్పుడన్న జల్ది వస్తవా పనికి?” అంది. వాకిట్లో ఉన్న ఆడవాళ్లమంతా నవ్వాం. నేనైతే పళ్లు బయటపెట్టి నవ్వాను.

ఆమె గంప కింద పెట్టింది. “నన్నెంతన్న తిట్టుండ్రి పటేలమ్మా, పడ్త. నా బిడ్డనన్న మాట వాపస్ తీస్కోండ్రి. అది తాకుతదని భయంగాదు, ఇనలేక అంటున్న” అంది. ఎండలో అట్లాగే నిలబడింది.  గంటలకొద్దీ తిట్టగల అత్త నోటికి ‘పిల్ల సల్లగుండాలె’ అన్న ముక్క రాలేదు. నేనైనా అనాల్సింది. అత్త ముఖం చూసి తల దించుకున్నాను. ఆమె గంప అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. మళ్లీ మా చేలో అడుగుపెట్టలేదు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. మొన్న చేవెళ్ల బస్టాండులో ఆ టమాట తెంపే ఆమె కనిపించి, తనే పలకరించింది. నేను తడబడి, చెయ్యి పట్టుకుని, “నీ బిడ్డ సల్లగుండాలె” అన్నాను. ఆమె “నా బిడ్డకే ఇద్దరు పిల్లలున్నరమ్మా ఇప్పుడు” అని, చెయ్యి విడిపించుకుని బస్సెక్కింది. జ్వరంతో ఉన్న పిల్లకు చెప్పాల్సిన మాట, ఆ పిల్ల ఇద్దరు పిల్లల తల్లయ్యాక చెప్పాను.