కంద గొడుగు వాలాక

మా పక్కింటి పెద్దమ్మ పోయిన నెల కన్నుమూసింది. కబురు విని పరిగెత్తుకెళ్లేసరికి పెరట్లో గోతం సంచిలో ఆమె పెంచిన కంద మొక్క గొడుగులా విచ్చుకుని నిలబడి ఉంది. ఏడుపు మధ్యలోనూ నాకు అదే దిగులు. కోతపండగ దాకా దీన్ని ఎవరు చూస్తారు?

మా కోవూరు చర్చిలో కోతపండగకు ఎవరు పండించింది వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక వేలం పాడతారు. అందరూ వడ్లు, గుమ్మడికాయలు తెచ్చేవాళ్లే. పొలం లేని పెద్దమ్మకు మాత్రం తన చేత్తో పెంచిన కంద పెట్టాలని పంతం. "చూస్తా ఉండండి, బల్ల వంగిపోవాల!" అని ముందే చాటింపు వేసేది.

మొదటి ఏడాది ముక్కలు కోసి తడితడిగానే పాతేసింది. మొలక రాకుండానే కుళ్లిపోయాయి. మరుసటి ఏడాది ముక్కముక్కకూ కన్ను ఉందో లేదో చూసి, పేడనీళ్లలో ముంచి, బూడిద అద్ది, నీడన ఆరబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో నాటింది. అబ్బో, ఏం పెరిగిందో! తీరా ముదిరే వేళకు ఆకు పండుబారింది. దాహమేమోనని ఇద్దరం పోటీపడి బిందెలు గుమ్మరించాం. తవ్వితే చేతికి గుజ్జొచ్చింది. వీధంతా నవ్వింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకంట!" అని పెద్దమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. ఆలోచించి ఆలోచించి కారణం కూడా ఆమే కనిపెట్టింది.

"అది చావలేదుమే! వాన నిలిస్తే మనం గొడుగు ముడిచి ఇంట్లోకి పోమా? అదీ అట్టే. ఆకు వాలిందంటే సత్తువంతా దుంపలోకి చేరినట్టు. ఇంక నీళ్లు పోసినామంటే మనమే కుళ్లబెట్టినట్టు."

ఈ ఏడాది మళ్లీ గోతంలో నాటింది. ఆమె పోయిన కొద్దిరోజులకే దాని ఆకు వాలింది. పొద్దున్నే చూద్దును గదా, పెదనాయన చెంబుతో నీళ్లు పోయబోతున్నాడు! నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"పెదనాయనా, పోయొద్దు!"

"ఆమె ఎట్టాగూ పోయింది. చెట్టన్నా బతకనీమ్మా," అన్నాడు.

పెద్దమ్మ మాటలే ఆయనకు అప్పజెప్పాను. ఆయన వంగి వాలిన కాడను పట్టి చూశాడు.

"గొడుగు ముడిచిందంటావు," అని చెంబు గట్టు మీద బోర్లించాడు. వానలు ముదిరాక ఇద్దరం గోతాన్ని వసారాలోకి ఈడ్చాం.

మొన్న పండగ పొద్దున పెదనాయన గోతం చీల్చాడు. భయంభయంగా మట్టిలో చేతులు పెట్టాను. గట్టిగా తగిలింది! ఎంత తడిమినా అంచు అందదే!

"ఉండాది పెదనాయనా, ఉండాది!" అని వీధి అదిరేలా అరిచాను. ఇద్దరం కలిసి ఎత్తాల్సి వచ్చింది. దురదెక్కిన చేతులకు చింతపండు రుద్దుకుంటూ నవ్వాం, నవ్వుతూనే ఏడ్చాం. పక్కన అంటుకున్న పిల్లదుంపలు తీసి, ఆయనే బూడిద అద్ది నీడన పెట్టాడు. నా పెరట్లో ఇకమీదట ఏ దుంప బతికినా అది పెద్దమ్మ చలవే.

కందను సైకిలు వెనక కట్టి బయలుదేరేసరికి తుంపర మొదలైంది. పెదనాయన మళ్లీ లోపలికెళ్లి పెద్దమ్మ నల్లగొడుగు తెచ్చాడు. నేను సైకిలు నెడుతుంటే, చర్చి దాకా తను తడుస్తూ ఆ గొడుగు కందకు పట్టుకుని నడిచాడు.