ముందే పెట్టిన టిక్కు

పిల్లల గుండె వార్డులో ఆ సిస్టరును అందరూ టిక్కత్త అంటారు. జేబు మీద తలకిందులుగా వేలాడే గడియారం చప్పుడు విని ఏ పసిదో పెట్టిన పేరది. గుండె మందు చుక్కలు వేసే ముందు ఆమె పిల్లల ఛాతీ మీద స్టెతస్కోపు గొట్టం ఆనించి నిండు నిమిషం లెక్కపెడుతుంది. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం ఆమెకు గిట్టదు. "దేవుడు అరవై ఇస్తే, పదిహేను వాడి మిగతావి ఎక్కడ దాచుకుంటామే?" అని చిన్న నర్సులను నవ్విస్తుంది.

అలాంటి మనిషి నిన్న పొద్దుటి నుంచి నవ్వలేదు.

వరండా చివర ఒక గది ఉంది. అంటువ్యాధి అనుమానం ఉన్న పిల్లలను అందులో ఉంచుతారు. ఒక మంచం, ఒక స్టూలు, చేతులు కడుక్కునే బేసిను పడితే ఇక గాలికి కూడా చోటుండదు. తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. చిన్నప్పుడు తనకు తట్టు వచ్చి పోయింది గనుక టిక్కత్తనే అక్కడ వేశారు. నిన్న ఆ గదిలోకి వచ్చిన రెండున్నరేళ్ల పిల్ల పిచ్చుక. గుండెలో చిల్లు ఉంది. పిచ్చుకంత ఉంటుంది, పిచ్చుకలాగే ఊపిరి తీస్తుంది. జ్వరం, ఎర్రటి కళ్లు, కారే ముక్కు, చెవుల వెనక మొదలై మెడ మీదికి దిగుతున్న దద్దురు.

తల్లి చీర చెంగు ముడి విప్పి టీకాల కార్డు అందించింది. తట్టు టీకా వేసే తొమ్మిదో నెల గడిలో ఆకుపచ్చ సిరాతో టిక్కు ఉంది. ఆ టిక్కు టిక్కత్తదే.

"గుర్తుపట్టలేదా అక్కా? ఆ రోజు మీరు లేకపోతే దీని గుండె సంగతే మాకు తెలిసేది కాదు" అంది తల్లి.

గుర్తులేకపోవడమేమిటి! అప్పుడామె టీకాల గదిలో పనిచేసేది. తలుపు దాకా తల్లులు, చంకల్లో ఏడుపులు. పని తెమలాలని పొద్దున్నే కార్డులన్నీ పేర్చుకుని ముందుగానే టిక్కులు పెట్టేసేది, తరువాత ఒక్కొక్కరినే పిలిచి సూది వేసేది. ఆ రోజు సూది పట్టుకుని చూస్తే ఈ బిడ్డ పెదవులు నీలంగా ఉన్నాయి. సూది పళ్లెంలో పెట్టేసి, బిడ్డను తానే ఎత్తుకుని, తల్లి చేయి పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. తల్లికి మంచినీళ్లు తాగించింది. ఆ హడావిడిలో కార్డు టిక్కుతోనే తల్లి చెంగులోకి వెళ్లిపోయింది. తరువాత ఎవరు చూసినా, "తట్టు టీకా అయిపోయిందిగా" అన్నారు. రెండో మోతాదు నాటికి బిడ్డ ఆసుపత్రిలో ఉంది, అదీ వాయిదా పడింది.

నిన్నంతా ఆ మాట చెప్పలేకపోయింది. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా తల్లి ఏదో ఒక మంచి మాట అనేది. తన స్టూలు ఆమెకు జరిపేది. "నిలబడే ఉన్నారు పొద్దుటి నుంచి, కూర్చోండక్కా" అనేది. ఆ స్టూలు మీద కూర్చుంటే ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. గదిలో తిరగడానికి నాలుగడుగులే. ఎటు తిరిగినా కార్డు కనిపించేది.

ఈ పూట డాక్టరు వచ్చారు. మనిషి మంచివాడే, కాకపోతే కాలు నిలవదు.

"మూడు రోజుల కిందట కొత్త మందు మొదలుపెట్టారు కదా, ఆ దద్దురే అయ్యుంటుంది. టీకా పడింది, కార్డు ఉంది. రక్తపరీక్ష రావడానికి నాలుగు రోజులు పడుతుంది. అందాకా ఈ గదిని ఆపలేం సిస్టర్. మధ్యాహ్నం పెద్ద హాల్లోకి మార్చేయండి."

పెద్ద హాల్లో ఆరుగురు పిల్లలు. ఇద్దరికి కోసిన గాటు ఇంకా మానలేదు. ఒకడు మూడు నెలలవాడు, టీకా వయసే రాలేదు.

"సార్, ఇంకొక్క రోజు ఉంచుదామండీ. దద్దురు తట్టులాగే చెవుల వెనక నుంచి దిగుతోంది" అంది టిక్కత్త.

"టీకా పడ్డ పిల్లకు మీరు తట్టు తెప్పిస్తారేమిటి సిస్టర్!" అని నవ్వి ఆయన వెళ్లిపోయారు.

మధ్యాహ్నం ఆయా చక్రాల మంచం తోసుకొచ్చింది. "రా పిచ్చుకా, పెద్ద గూటికి పోదాం. ఈ అగ్గిపెట్టెలో ఎన్నాళ్లుంటావే? మీ టిక్కత్త మొహం చూడు, కడిగి ఆరేసినట్టుంది."

తల్లి నవ్వుతూ బట్టలు సర్దుతోంది. టిక్కత్త తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఉద్యోగం, ఇరవై రెండేళ్ల పేరు, ఈ తల్లి కళ్లలోని చల్లదనం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు మెదిలాయి. దేవుడా, ఈ ఒక్క మాట నువ్వే పలికించు అనుకుంది.

"మంచం వెనక్కి తీసుకెళ్లవే. సార్‌ను నేను రమ్మన్నానని చెప్పు, పరుగెత్తు" అంది ఆయాతో. తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఆ టిక్కు నేనే పెట్టాను. సూది మాత్రం వేయలేదు."

తల్లికి అర్థం కాలేదు. "వేయకుండా టిక్కు ఎలా పెడతారక్కా?"

"ముందే పెట్టేసేదాన్ని. నీ బిడ్డ పెదవులు చూసి పరుగెత్తాను. కొట్టేయడం మరిచిపోయాను. నా తప్పే తల్లీ."

డాక్టరు గుమ్మంలోనే ఆ మాట విన్నారు. కాసేపు ఆయన కాలు నిలిచింది. "గది తలుపు మూసేయండి. తట్టు కిందే చూద్దాం. విటమిన్ ఎ ఇప్పుడే వేయండి. జరిగింది రాసివ్వండి సిస్టర్, పైవాళ్లు అడుగుతారు. ఆ రోజు కార్డులన్నీ వెతకాలి" అన్నారు. కేకలు వేసి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేదేమో.

ఆయన వెళ్లారు, తలుపు మూసుకుంది. ముగ్గురూ మిగిలారు. తల్లి స్టూలు లాక్కుని గోడ వైపు తిరిగి కూర్చుంది. టిక్కత్త బేసిను దగ్గర నిలబడింది. చేతులు కడిగి, మళ్లీ కడిగింది. తల్లి గోడ వైపే చూస్తూ అంది.

"ఆ రోజు దీన్ని ఎత్తుకుని పరుగెత్తిందీ మీరే."

టిక్కత్త కుళాయి కట్టేసింది.

"రెండూ మీరే అయితే నేనెవరిని తిట్టుకోను?" అని తల్లి ఏడ్చింది.

గుండె మందు వేళయింది. నిన్నటి నుంచి పిచ్చుక ఇంకెవరి చేతా చుక్కలు వేయించుకోవడం లేదు. "టిక్కత్తా" అని చేయి చాపింది. టిక్కత్త తల్లి ముఖం చూసింది. తల్లి స్టూలు మంచం దగ్గరికి జరుపుకుని, గడియారం మీద కళ్లు పెట్టింది. టిక్కత్త గొట్టం ఆనించి, పెదవులు కదుపుతూ లెక్క మొదలుపెట్టింది.

"అయిందా?"

"ఇంకా పది సెకన్లున్నాయమ్మా."

నూట ముప్పై ఎనిమిది. చుక్కలు వేసింది, పిల్ల మింగింది. మందుల పట్టీలో టిక్కు పెట్టడానికి కలం తీయబోతే తల్లి ఆమె మణికట్టు పట్టుకుంది. పిల్ల నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, బుగ్గల్లోకి తొంగి చూసింది.

"ఊఁ. ఇప్పుడు పెట్టండి టిక్కు" అంది.